తువ్వాల్లో చుట్టుకుపోయిన బెల్టు

ఆదోని,
11-2-1982.

చిరంజీవి సౌభాగ్యవతి ఉమాదేవిని మీ అమ్మ దీవించి రాయడమేమంటే, ఇక్కడ ఇల్లూ మిల్లూ, మీ నాయనా నేనూ క్షేమం. కారు ఒక్కటే క్షేమంగా లేదు. అక్కడ నువ్వూ, అల్లుడుగారూ, నీ కడుపులో పెరుగుతున్న ప్రాణమూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

నీ జాబు సోమవారం అందింది. పోస్టుమాన్ చేతిలో కవరు చూడగానే బరువుగా ఉందనిపించింది. బరువైన కవరంటే నాకు భయం. మంచి సంగతులు కార్డు ముక్క మీదే పట్టిపోతాయి.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు రాస్తాను. కాళ్ళ వాపు ఏడో నెలలో మామూలే, నాకూ వచ్చింది. ఉప్పు తగ్గించు. ఫరవాలేదని డాక్టరమ్మ చెప్పిందన్నావు. కాలు నొక్కి చూసి చెప్పిందా, కుర్చీలోంచి కదలకుండా చెప్పిందా? అది రాయి. మీ భిలాయి పాలవాడు చిక్కటి పాలు పోస్తున్నాడని సంబరపడ్డావు. ఎందుకే అంత చిక్కగా పోయడం, వాడికేమైనా మేనత్తవా నువ్వు? గోటి మీద ఒక చుక్క వేసి చూడు. జారకుండా కూర్చుందంటే అందులో పిండి కలిసిందని అర్థం. నవ్వకు. నమ్మినవాడి ఇంట్లోనే కదా దొంగ పడేది.

ఇక అసలు మాట. నీ జాబు చివరన రాశావు చూడు, "ఇద్దరు తాతలూ ఒకరి మొహం ఒకరు చూసుకోని చోటికి నేను కాన్పుకు రాను. ఇక్కడి ఆసుపత్రిలోనే అవుతుంది, నువ్వు కూడా రావద్దు" అని. ఆ మాట చదివి వంటింట్లో పీట మీద కూర్చొని ఏడ్చాను. తొలి కాన్పుకు బిడ్డ పుట్టింటికి రానంటే ఆ తల్లి బతుకు ఏం బతుకు? మీ నాయనకు చూపిస్తే కళ్ళజోడు తీసి తుడుచుకొని, "రానీలే ఆ బిడ్డ కోపం, మనం మోసం చేసినామా?" అని లేచి మిల్లుకు వెళ్ళిపోయారు. ఆ రాత్రి మజ్జిగన్నం సగంలో వదిలేశారు.

నీ రాత కింద అల్లుడుగారు నాలుగు మాటలు రాశారు. ఒక ప్రశ్న అడిగి దాని కింద గీత కూడా గీశారు. ఆ ప్రశ్నకు జవాబు రాస్తాను. కానీ ముందు నీకు మొదటినుంచీ తెలియాలి. మీ నాయన నీకు రాసింది ఒక పక్క సంగతి. మీ మామగారు మీకు అసలేమీ రాయలేదన్నావు. నేను రెండు పక్కలా ఉన్నదాన్ని.

ఆ ఇటలీ కారు మన వాకిట్లోకి వచ్చిన రోజే నాకు అనుమానం. మీ మామగారు బట్టల వ్యాపారం మీద బొంబాయి పోయినప్పుడు, దేశం వదిలి పోతున్న ఒక దొర దగ్గర కొన్న కారు అది. రెండే తలుపులు. వెనక కూర్చోవాలంటే ముందు సీటు వంచి, మన తల వంచి, నడుము వంచి, దేవుడికి దండం పెట్టుకొని దూరాలి. దిగేటప్పుడు ఇద్దరు లాగాలి. సంసారం ఉన్న మనిషికి రెండు తలుపుల కారేమిటి? ఈ వయసులో మీ నాయనకు దాని మీద మోజేమిటి? మిల్లులో అందరూ ఏదేదో అని నవ్వుకున్నారని గోవిందు చెప్పాడు. మిల్లులో యంత్రాలు తిప్పే బెల్టులన్నీ చూసుకునే గోవిందు నీకు తెలుసు కదా, కడుపులో మాట దాచుకోలేడు.

ఆ రోజు మీ మామగారే స్వయంగా తోలుకొచ్చారు. దిగడానికి తలుపు పట్టుకొని రెండుసార్లు ఊగితే గానీ లేవలేకపోయారు.

"బావా, నా మోకాళ్ళు దీంట్లో కూకోనీకి ఒప్పుకోవడంలేదప్పా. బండి మాత్రం బంగారం. బయటోళ్ళకు ఇచ్చేకి మనసొప్పలేదు. నువ్వు తోలుకో" అన్నారు.

మీ నాయన సంగతి నీకు తెలియనిది కాదు. పత్తి కుక్కిన బోరెం గోతాం మూతి విప్పితే పైన ఉన్నది ముట్టుకోరు. మోచేతిదాకా చెయ్యి లోపలికి దూర్చి, అడుగు పత్తి లాగి, వేళ్ళ మధ్య పింజ సాగదీసి చూస్తే గానీ బేరం మాట ఎత్తరు. పైనుండే పత్తి ఎప్పుడూ తెల్లగానే ఉంటుందని నాకు కాపురానికొచ్చిన కొత్తలోనే చెప్పిన మనిషి. అటువంటి మనిషి ఆ కారు ముక్కును ఒక్కసారి నిమిరి, "సరే బావా" అన్నారు. లోపలికి చెయ్యే పెట్టలేదు. నేను తలుపు చాటునుంచి సైగ చేస్తూనే ఉన్నాను, చూస్తేనా?

అంత బంగారమైతే ఎందుకిస్తారు అని రాత్రి అడిగాను. "మోకాళ్ళే, వినలేదా" అన్నారు. మోకాళ్ళ నొప్పులు కారు ఎక్కినప్పుడే వస్తాయా? మీ అత్తగారి ఇంట్లో మేడమెట్లు ఎక్కేటప్పుడు రావా? ఇదీ నా ఆలోచన. దాచుకోకుండా రాస్తున్నాను.

దసరాకు ముందు మీ నాయన మన రసూల్ సాబ్‌ను పిలిపించారు. మిల్లు లారీ రిపేరు ఎప్పుడూ ఆయనదే కదా, ఈ కారునూ ఒకసారి చూసి పెట్టమన్నారు. ఆయన ఇంజను ముందున్న రేకు మూత విప్పి, లోపల చూసి, గడ్డం గోక్కున్నాడు.

"సేట్, ఇంజనులోపల రబ్బరు బెల్టు నేనెప్పుడూ సూడలేదు. మన అంబాసిడరుకు చైను ఉంటాది. ఇది కంపెనీల్నించి ఇట్లే వచ్చిందో, నడిమిట్ల ఎవరన్నా మార్చినారో, ఖుదాకే ఎరుక."

ఆ మాట నా చెవిన పడింది. పడ్డది చాలదా? చైను తీసుకొని రబ్బరు కట్టి ఇచ్చారేమో అన్నాను. మీ నాయన నా మీద లేచారు. "నోరు మూసుకో. మా బావ అట్లాంటోడు కాదు" అన్నారు. అవును, మొదట్లో ఆయన అలాగే అన్నారు. ఆయన మనసులో విత్తనం వేసింది నేను. నీళ్ళు పోసింది కూడా నేనే.

ఆ రేకు మూతకు ఒక బోల్టు అరిగిపోయి ఉంది. బిగిస్తే దడదడమని కొట్టుకుంటోందని, కొత్త బోల్టు దొరికాక వేద్దామని రసూల్ సాబ్ మూతను డిక్కీలో పడేశాడు. తర్వాత ఆయనా మరిచాడు, మేమూ మరిచాం. దసరా వచ్చింది, మిల్లులో పూజ అయింది, దేవరగట్టు కర్రల సమరానికి పోయినవాళ్ళు తలలకు కట్లతో తిరిగొచ్చారు, పత్తి బండ్లు మొదలయ్యాయి. కారు బాగానే తిరిగింది.

డిసెంబరులో మీ మామగారింట్లో సత్యనారాయణ వ్రతమని ఇద్దరం బయలుదేరాం. ఎమ్మిగనూరు పొలిమేర కనబడుతుండగా ఇంజను ముందు ఠప్పుమని ఒక చప్పుడు. అంతే. కారు దానంతటదే కొంచెం దూరం పోయి నిలబడింది. మీ నాయన తాళం చెవి తిప్పితే వట్టి గరగర. మళ్ళీ తిప్పారు, మళ్ళీ తిప్పారు. చెమటలు పట్టాయి ఆయనకు. వ్రతానికి తెచ్చిన పూలబుట్ట ఒళ్ళో పెట్టుకొని నేను లోపలే ఉన్నాను, దిగడం నా ఒక్కదాని వల్ల కాదు కదా.

ఎవరో సైకిలు మీద పోయి చెబితే మీ మామగారు పట్టుబట్టతోనే వచ్చారు. బానెట్ ఎత్తారు. లోపలికి వంగి చాలాసేపు చూశారు. వేలితో ఏదో గీకి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆ తర్వాత బానెట్ పక్కనుంచి తల చాచి, అద్దంలోంచి నా వైపు ఒక్కసారి చూశారు. ఉమా, ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. అప్పుడు మాత్రం, తప్పు చేసి దొరికిపోయినవాడి బెదురు అనుకున్నాను.

తెగిన బెల్టు చేత్తో లాగి, భుజం మీది తువ్వాల్లో చుట్టి చంకలో పెట్టుకున్నారు.

"ఆ బెల్టు ఇట్లియ్యి బావా. రసూల్ సాబ్‌కు సూపిస్తా" అన్నారు మీ నాయన.

"తెగిపోయినదాన్ని ఏం సూస్తాడు బావా. నా దగ్గరుండనీ, బొంబాయికి నమూనా పంపి కొత్తది తెప్పిస్తా" అన్నారాయన. ఇవ్వలేదు. పట్టుబట్ట కట్టుకున్న మనిషి, వ్రతం పీటల మీద కూర్చోవలసిన మనిషి, ఆ మసి గుడ్డను చంకలోంచి దించలేదు.

కారును ట్రాక్టరుకు కట్టి ఆదోనికి తెచ్చారు. రసూల్ సాబ్ ఇంజను విప్పి వాల్వులు చూపించాడు. ఆ బెల్టు తెగితే లోపల పైనున్నవీ కిందున్నవీ తాళం తప్పి ఒకదాన్నొకటి గుద్దుకుంటాయట. వాల్వులన్నీ పెళ్ళి మర్నాటి పందిరి గుంజల్లాగా తలో పక్కకు వంగి ఉన్నాయి. "చైనయితే ఇట్ల తెగేది కాదు సేట్" అన్నాడు.

నేను ఊరుకున్నానా? "సాక్ష్యం తువ్వాల్లో చుట్టుకొని పోయినప్పుడే తెలియలేదా మీకు?" అన్నాను. ఆ ఒక్క మాటతో మీ నాయన ముఖం మారిపోయింది. మర్నాడు పత్తి మార్కెట్టులో దళారీలు పదిమంది ముందు, "సొంత వియ్యంకుడే చైను తీసి రబ్బరు కట్టి నాకు అంటగట్టినాడు" అనేశారు. ఆ మాట సాయంత్రం బస్సెక్కి ఎమ్మిగనూరు పోయింది. మన ఊళ్ళో మాటకు టిక్కెట్టు అక్కర్లేదు.

మీ మామగారు ఏమీ అనలేదు. అవునని అనలేదు, కాదని అనలేదు. బొంబాయి నుంచి బెల్టూ రాలేదు. తప్పు లేనివాడైతే నోరు తెరవడా అని మీ నాయన. తెరవడు, తెరిస్తే దొరుకుతాడు కదా అని నేను. ఇలా ఇంట్లో రోజూ ఇదే పారాయణం. నా అనుమానం అక్కడితో ఆగిందా అంటే, లేదు. రసూల్ సాబే మూత విప్పిన రోజు చైను కాజేసి రబ్బరు పెట్టాడేమోనని ఒకరోజు ఆయన షెడ్డుకు పోయి, కూర్చొని మాట్లాడుతున్నట్టుగా మూలమూలలా చూశాను. అక్కడ చైన్లు చాలా ఉన్నాయి. ఏది ఏ బండిదో నాకేం తెలుస్తుంది? సోడా తెప్పించి ఇచ్చాడు పాపం. తాగి వచ్చేశాను.

ఇలా ఉండగా నీ జాబు వచ్చింది. అల్లుడుగారు రాసింది మూడుసార్లు చదివాను. ఈ రకం ఇంజనులో పుట్టుకతోనే రబ్బరు బెల్టు ఉంటుందనీ, చైను ఎప్పుడూ లేదనీ, కాబట్టి ఎవరూ ఏదీ మార్చలేదనీ రాశారు. బెల్టుకు పళ్ళుంటాయి, అవి చక్రం పళ్ళల్లో కూర్చుంటాయి, కనుక అది జారదు, దానికి పట్టు కోసం ఏదీ పుయ్యక్కర్లేదు, ఎప్పుడూ పొడిగా శుభ్రంగా ఉండాలి, కొంతకాలానికి తెగకముందే మార్చాలి, అని రాశారు. ఆ తర్వాత గీత గీసిన ప్రశ్న. "ఆ బెల్టు మీద నూనెగానీ జిడ్డుగానీ ఏమైనా పడిందా? పడకపోతే అది ముందే పాడైపోయినదని, నాన్న తెలిసే ఇచ్చాడని అనుకోవాలి. కనుక్కొని నిజం రాయండి."

కన్నకొడుకు తండ్రిని అనుమానించే దాకా వచ్చింది. నేను మొదలుపెట్టింది అంతదూరం పోయింది.

ఉత్తరం మడిచి మిల్లు వైపు కిటికీలోంచి చూశాను. గోవిందు డబ్బా పట్టుకొని నిచ్చెన మీద నిలబడి పెద్ద బెల్టుకు జిడ్డు పట్టిస్తున్నాడు.

పడింది, ఉమా. బెల్టు మీద జిడ్డు పడింది. పోసింది నేనే.

మన మిల్లులో ఆయుధ పూజ నీకు తెలిసిందే. ఆముదంలో గుగ్గిలప్పొడి వేసి కాచిన జిడ్డును కుంకుమబొట్టుతో సహా పెద్ద బెల్టుకు మొదట పెట్టేది ఇంటి ఇల్లాలు. ఆ తర్వాతే గోవిందు డబ్బా ముట్టుకోవాలి. ఇల్లాలి చెయ్యి తగిలిన బెల్టు ఏడాదంతా జారదని మీ నాయనమ్మ తన చేతిలోని గిన్నె నా చేతికిచ్చి చెప్పింది. కారుకు కూడా దండవేసి నిమ్మకాయలు పెట్టాక బానెట్ ఎత్తి చూస్తే, మూత లేదు కదా, లోపల బెల్టు కనబడింది.

"గోవిందూ, ఇదీ బెల్టే కదా. పెట్టనా?" అన్నాను.

"పెట్టమ్మా. రబ్బరు జారుగుంటాది, పట్టు వస్తాది" అన్నాడు.

పెట్టాను. మీ నాయన పక్కనే కర్పూరం వెలిగిస్తున్నారు, ఆయనకూ తప్పనిపించలేదు. మిల్లు మనుషులం, బెల్టుకు జిడ్డు పెట్టడం తప్పని మాకెవరు చెప్పారు? ఆ ఒక్కరోజుతో ఆగినా పోయేది. అంతదాకా మూల్గుతున్న కారు బెల్టు నా చెయ్యి తగలగానే నోరు మూసిందని నాకు గర్వం. మిల్లు పెద్ద బెల్టుకు నా చేత్తో పెట్టేది ఏడాదికొక్కసారే, కారుకు మాత్రం శుక్రవారం శుక్రవారం పెట్టాను, గడపకు పసుపు రాసినట్టు. కారు నిలిపేది మిల్లు ఆవరణలో. సీజనులో అక్కడ దూది నూగు ఎట్లా ఎగురుతుందో నీకు తెలుసు, నీ చిన్నప్పుడు నీ జడలోంచి రోజూ ఏరేదాన్ని. అదంతా ఆ జిడ్డుకు అంటుకొని చక్రాల పళ్ళల్లో కూరుకుపోయి ఉంటుంది. ఇంజను విప్పిన రసూల్ సాబ్ అది కారిన నూనె మసే అనుకున్నాడేమో.

పాలవాణ్ణి అనుమానించాను, రసూల్ సాబ్‌ను అనుమానించాను, దేవుడిలాంటి వియ్యంకుణ్ణి అనుమానించాను. నా చేతిని మాత్రం ఒక్కసారీ అనుమానించలేదు.

మర్నాడు ఉయ్యాల బట్ట నేయిస్తానని మీ నాయనకు చెప్పి ఎమ్మిగనూరు బస్సెక్కాను. మీ అత్తగారు గుమ్మంలోకి వచ్చి, "రా వదినా" అని సగం పెదవితో పిలిచింది. తప్పులేదు, నేనైతే ఆ సగమూ పిలిచేదాన్ని కాదు. మీ మామగారు చాప మీద కాళ్ళు చాపుకొని మోకాళ్ళకు తైలం మర్దన చేసుకుంటున్నారు. మోకాళ్ళు బోరింగు పిడుల్లాగా వాచి ఉన్నాయి. మేడ మీది పడక కూడా కిందికి దించుకున్నారు. ఆ మోకాళ్ళను కూడా నేను నమ్మలేదు కదా అని సిగ్గేసింది.

"అన్నయ్యా, ఆ బెల్టు ఒకసారి చూపిస్తారా?" అన్నాను.

"యాడిది సెల్లెమ్మా, ఎప్పుడో పారేసినా" అన్నారు నా మొహం చూడకుండా.

"అయితే ఆ వాసన మీకు ఆ రోజే తెలిసిపోయిందన్నమాట."

మీ అత్తగారు లోపలికి పోయి, అటక మీదినుంచి ఒక మూట దించి నా ముందు పెట్టింది. అదే తువ్వాలు. విప్పాను. పళ్ళ సందుల్లో దూది జిడ్డుతో కలిసి మేకుల్లాగా గట్టిపడి ఉంది. దాని మధ్య ఎర్రగా కుంకుమ. నేను పెట్టిన కుంకుమ, ఉమా. ఒక్క శుక్రవారానిది కాదు, అన్ని శుక్రవారాలదీ.

"ఆ పొద్దు బానెట్ ఎత్తంగానే గప్పుమని ఆముదం వాసన కొట్టింది" అన్నారు మీ మామగారు. "కుంకుమ సూస్తూనే ఎవరి చెయ్యో తెలిసిపాయ. మా బావ ముందర అది ఇప్పితే ఏమయ్యేది? ఆయప్ప నోరు నాకు తెలీదా? నడిరోడ్డు మీద నిన్ను అనరాని మాట అనేటోడు. అదన్నా పోతాదిలే. ఇల్లాలి చెయ్యి తగిలితే ఇంజను పగిలిందని మీ మిల్లులో ఒగ మాట పుట్టిందంటే, ఇంక ఏ పండగకన్నా నీ చేతికి ఆ గిన్నె ఇస్తారా?"

"మిమ్మల్ని మోసగాడన్నారు అన్నయ్యా. ఊరంతా అన్నారు" అన్నాను.

"అంటే అన్నారు. నేను యాపారస్తుణ్ణి, దినామూ ఎవుడో ఒగడు అంటానే ఉంటాడు. నన్ను అంటే నా బట్టల తానులు అమ్ముడుపోకుండా పోతాయా? నువ్వు అట్ల కాదు కదమ్మా."

నీ దగ్గర దాచడం ఎందుకు, ఆ మాట విన్నప్పుడు కూడా నా బుద్ధి ఒక్క క్షణం దానిదారినే పోయింది. ఇంత మంచితనం ఊరికే చేస్తారా, దీనికి బదులు ఏం అడుగుతారో అనుకున్నాను. ఆయన ఏమీ అడగలేదు. "ఎండన పడి వచ్చినావు, మజ్జిగ తాగు" అన్నారు. అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. మీ అత్తగారు వచ్చి నా పక్కన కూర్చుంది. నా వీపు మీద చెయ్యి వేసింది. ఈసారి సగం చెయ్యి కాదు.

"కొత్త బెల్టుకు నమూనా ఎందుకు పంపలేదన్నయ్యా?" అని తర్వాత అడిగాను.

"పంపితే బొంబాయోళ్ళు ఈ కుంకుమ సూసి ఏమని రాస్తారో, ఆ జాబు మా బావ సేతిలో పడితే ఎట్లనో అని" అన్నారు నవ్వి. బావకు మాత్రం చెప్పవద్దని నా దగ్గర మాట తీసుకోబోయారు. నేను ఇవ్వలేదు. ఇన్నాళ్ళు మీరు మోశారు, ఇక నాది నేను మోసుకుంటానని చెప్పి, తువ్వాలు మూట అలాగే పట్టుకొని బస్సెక్కాను.

ఆ రాత్రి మీ నాయన భోంచేసి చెయ్యి కడుక్కున్నాక మూట విప్పి ముందు పెట్టాను. అన్నీ చెప్పాను. శుక్రవారాలు కూడా చెప్పాను. తిడతారని తలొంచుకొని నిలబడ్డాను. ఆయన తిట్టలేదు. బెల్టును వేళ్ళ మధ్య పెట్టుకొని పింజ చూసినట్టు సాగదీసి చూశారు.

"నలభై ఏండ్లు బోరేలల్లో సెయ్యి పెట్టి అడుగు పత్తి సూసినా" అన్నారు. "మా బావ లోపల మాత్రం సెయ్యి పెట్టి సూడలేకపోతి."

మర్నాడు పత్తి మార్కెట్టుకు పోయి, ఆ దళారీలే కూర్చున్న చోట నిలబడి, "మా బావ ఇచ్చిన బండి మంచిది. తెలీక చెడగొట్టుకున్నది మేమే" అన్నారట. మేమే అన్నారు, చూశావా. మా ఆడమనిషి అనలేదు. ఈ సంగతి నాకు గోవిందు చెప్పాడు. చెప్పి, ఆముదం డబ్బా చంకలో పెట్టుకొని గబగబా వెళ్ళిపోయాడు. నేను కనబడితే చాలు, వాడిప్పుడు ఆ డబ్బా దాచేస్తున్నాడు.

మార్కెట్టు నుంచి అటే బస్టాండుకు పోయి ఎమ్మిగనూరు వెళ్ళారు మీ నాయన. అక్కడ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, ఎంత అడిగినా ఇద్దరూ చెప్పడం లేదు. సాయంత్రం బస్సులో ఇద్దరూ కలిసి దిగారు. మీ మామగారిని మెట్టు దించడానికి మీ నాయన చెయ్యి పట్టుకొని ఉన్నారు. బొంబాయికి కొలతలతో జాబు పోయింది. వాల్వులు వచ్చేదాకా ఇంజను రసూల్ సాబ్ షెడ్డులోనే ఉంటుంది. రేకు మూతకు కొత్త బోల్టు మాత్రం అప్పుడే దొరికింది. "అమ్మా, బెల్టు వేసినాక ఇది బిగిస్తా. ఇంక మీరు తెరవాలంటే నా స్పానరు కావల్ల" అన్నాడు రసూల్ సాబ్. నేను షెడ్డులో చైను వెతికిన సంగతి ఆయనకు ఆ రోజే తెలుసట. అందుకే సోడా తెప్పించాడట, నిదానంగా వెతుక్కుంటానని.

అల్లుడుగారికి చెప్పు. ప్రశ్నకు జవాబు ఇదీ. వారి తండ్రికి ఏ పాపమూ తెలియదు. తెలిసిందల్లా నా తప్పే, దాన్ని కూడా దాచిపెట్టారు. కొడుకుగా ఆయనకు ఒక జాబు రాయమను, అనుమానపడ్డానని మాత్రం రాయవద్దు. అలాంటివి మనసులో ఉంచుకొని మంచిగా నడుచుకుంటే చాలు.

నువ్వు ఇక మారుమాట చెప్పకుండా వచ్చెయ్యి. రైలు ఏ రోజుదో ముందుగా రాయి. స్టేషనుకు ఇద్దరు తాతలూ వస్తారు. కారులో ఎవరు తోలుకొస్తారని నిన్న వాదించుకున్నారు, ఒకరికి మోకాళ్ళు లేవు, ఇంకొకరికి ఇంజను లేదు. జట్కా మాట్లాడి పెట్టాను. దానికి అసలు తలుపులే లేవు, నిండు మనిషివి సుఖంగా ఎక్కి దిగవచ్చు. నీ కాన్పుకు మీ అత్తగారు కూడా ఇక్కడికే వచ్చి ఉంటానంది. ఎందుకో అని నేను అనుకోలేదు. నిజంగా అనుకోలేదు.

ఆ తువ్వాలు మీ మామగారికి ఉతికి పంపుదామని సోడాలో ఉడకబెట్టాను, కుంకుడు రసంలో నానబెట్టాను. జిడ్డు వదల్లేదు. ఇక పంపను, వారికి కొత్తది కొని ఇస్తాను. ఇది నా పెట్టెలో చీరల మధ్య మడతపెట్టి ఉంచాను. ఎవరినైనా అనుమానించబుద్ధి పుట్టినప్పుడు తీసి వాసన చూసుకుంటాను.

ఇట్లు,
నీ రాక కోసం వాకిలి చూస్తున్న
మీ అమ్మ,
శాంతమ్మ